చివరి పది సెకన్లు

నా స్టూడియోలో ఒక నియమం ఉంది. పని అయిపోయిందని అందరూ అనుకున్నాక కూడా కెమెరా ఇంకో పది సెకన్లు నడవాలి. ఫోటోకి కొయ్యలా బిగుసుకుని నిలబడ్డ మనిషి, "అయిపోయిందండీ" అన్న మరుక్షణం అసలు మనిషి అవుతాడు. బహుమతి అందుకున్న పెద్దమనిషి వేదిక దిగుతూ కప్పుని చొక్కా అంచుతో తుడుచుకుంటాడు. అందరూ తీసేది నేనూ తీస్తాను, అందరూ ఆపేశాక కూడా తీస్తాను, తేడా అంతే. ఇరవై రెండేళ్ళుగా ఆ తేడా మీదే నా స్టూడియో నడుస్తోంది. మా ఆయన దీన్ని చాదస్తం అనేవారు. నేను చెప్పబోయే శుక్రవారం తర్వాత ఆ మాట మళ్ళీ అనలేదు.

మా ఆయన ఫుట్‌బాల్ కోచ్. స్టూడియో వెనక గోడ దాటితే గ్రౌండ్. అక్కడ సాయంత్రం నాలుగున్నర నుంచి ఆరున్నర దాకా పన్నెండేళ్ళలోపు పిల్లలకి ఆట నేర్పుతారు. ఒకప్పుడు ఆయన్ని పేరు పెట్టి పిలిచేవాళ్ళు తక్కువ, 'ఎడంకాలాయన' అనేవాళ్ళు. ఆయన ఎడమకాలి దెబ్బకి గోల్‌కీపర్లు బంతిని వదిలేసి మొహం కాపాడుకునేవారట. చెప్పేది ఆయనే కాబట్టి సగం కొట్టేయండి. మిగతా సగం నేను కళ్ళారా చూశాను.

మూడేళ్ళ కిందట ఆయన మోకాలు మొరాయించింది. డాక్టరు ఆపరేషన్‌కి తేదీ రాసిచ్చి, ఆ తర్వాత నడవొచ్చు గానీ బంతిని గట్టిగా తన్నకూడదన్నాడు. ఇంటికొచ్చి కుర్చీలో కూలబడ్డారు.

"నోటితో చెబితే పిల్లలకి తన్నడం వస్తుందా? ఈత గురించి ఉత్తరం రాసినట్టుంటుంది. ఇక నా పని అయిపోయిందిలే."

నాకు ఒళ్ళు మండింది. ఇంట్లో అంత లావు కెమెరా పెట్టుకుని ఈ ఏడుపేమిటి?

"పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని ఊరికే అన్నారా? లేవండి, బూట్లు వేసుకోండి" అన్నాను.

ఆపరేషన్‌కి నాలుగు రోజుల ముందు, మోకాలికి పట్టీ బిగించి, ఆయన చేత నలభైసార్లు బంతిని తన్నించాను. పక్కనుంచి కొన్ని, వెనకనుంచి కొన్ని, కెమెరాని నేలకి ఆనించి కాళ్ళు మాత్రమే కనబడేలా కొన్ని తీశాను. ఏటవాలుగా వచ్చే పరుగు, బంతి పక్కనే ఆనే కాలు, బిగిసిన చీలమండ, సరిగ్గా బూటు తాళ్ళ మీద తగిలే బంతి. వేగం తగ్గించి చూస్తుంటే నా మొగుడి మీద నాకే ముచ్చటేసింది.

తీరా పిల్లలకి చూపిస్తే గందరగోళం. వాళ్ళందరూ కుడికాలివాళ్ళు. సార్ ఎడమకాలితో తంతుంటే తమ కాలు ఎక్కడ పెట్టాలో తెలియక ఒకడు బంతి మీదకే ఎక్కాడు, ఇంకొకతె తన కాలిని తనే తన్నుకుని కూర్చుండిపోయింది. నాకది పెద్ద పని కాదు. కంప్యూటర్లో ఒక్క మీట నొక్కితే బొమ్మ అద్దంలోలా తిరగబడుతుంది, ఎడమ కుడి అవుతుంది. వెనక గోడ మీద రాతలు పడకుండా ముందే జాగ్రత్తపడ్డాను. ఆయన చొక్కా మీది నంబరు ఎనిమిది, తిప్పినా ఎనిమిదే. ఎడమ చేతికుండే వాచీ ఒక్కటి మాత్రం కుడి చేతికి మారింది. దాన్నెవరు చూస్తారులే అనుకున్నాను.

తిప్పిన వీడియోని ఆయన రెండుసార్లు వేయించుకుని చూశారు.

"మా మొదటి కోచ్ ఇది చూస్తే నన్ను భుజాన ఎత్తుకునేవాడు" అన్నారు చివరికి.

పదేళ్ళ వయసులో ఆ మహానుభావుడు ఈయన ఎడమ బూటు దాచేసి, ఆ కాలికి గుడ్డ చుట్టి, ఏడాది పొడుగునా కుడికాలితోనే తన్నించాడట. ఎడమకాలితో తన్నడం తప్పు, కుడి నేర్చుకో అన్నాడట. ఆ సంగతి చెప్పేటప్పుడు ఇప్పటికీ ఆయన చెయ్యి ఎడమకాలి మీదకి వెళ్తుంది.

అప్పటినుంచి మా పద్ధతి స్థిరపడింది. కొత్తగా వచ్చిన పిల్లలెవరైనా స్టూడియోలోని టీవీ ముందు కూర్చుని సార్ వీడియో మూడుసార్లు చూడాలి. వెళ్ళి తన్నాలి. నేను తీసిన తమ వీడియో చూసుకోవాలి. మళ్ళీ తన్నాలి. ఎవరి తప్పు వాళ్ళకే కనబడుతుంటే ఆయనకు తిట్టే పని తగ్గిపోయింది. తిట్టడం ఆయనకు ఇష్టమైన పని కాబట్టి మొదట్లో కాస్త వెలితిగా ఉండేది. రెండేళ్ళు తిరిగేసరికి పక్క జట్ల కోచ్‌లు వచ్చి గోడ పక్కన నిలబడి, ఫోన్ చూసుకుంటున్నట్టు నటిస్తూ మా పిల్లల కాళ్ళు చూసిపోయేవాళ్ళు. గర్వం లేదని అబద్ధమెందుకు చెప్పాలి? ఉంది, బోలెడంత ఉంది.

ఒక్క పిల్లకి మాత్రం ఆ వీడియో అచ్చిరాలేదు. ఆ పిల్లని అందరూ మిడత అంటారు. పొడుగు కాళ్ళు, నడిచినా గెంతుతున్నట్టే ఉంటుంది. బస్సు కండక్టరుగారి అమ్మాయి, పదకొండు నిండాయి, నోట్లో నాలుక లేదు. పరుగులో ఎవరికీ అందదు. బంతి తన్నమంటే మాత్రం ఆనాల్సిన కాలు వెనక పడుతుంది, ఒళ్ళు వెనక్కి వాలుతుంది, బంతి ఆకాశంలోకి లేచి కాకుల్ని లేపి కిందపడుతుంది. అలాగని శ్రద్ధ లేదా అంటే, అంత శ్రద్ధ ఇంకెవరికీ లేదు. బడి వదలగానే స్టూడియోకి వచ్చి, గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, "ఆంటీ, సార్ వీడియో ఇంకోసారి పెడతారా?" అనేది. మూడుసార్లు చూడమంటే ముప్పైసార్లు చూసేది. ఏడు నెలలు అలాగే చూసింది.

ఆ శనివారం మధ్యాహ్నానికి కప్పు పోటీలకి పద్నాలుగు పేర్లు పంపాలి. పేరున్నవాళ్ళకే మూడు నెలలపాటు గ్రౌండ్, మిగతావాళ్ళు వచ్చే ఏడు రావాలి. వచ్చే ఏడు మిడతకి వయసు దాటిపోతుంది. అంటే ఇప్పుడు పేరు ఎక్కకపోతే మా దగ్గర ఇంక ఎప్పటికీ ఎక్కదు.

పేరు ఎక్కడానికి మా ఆయన పెట్టే పరీక్ష సులువుగా కనబడుతుంది గానీ సులువు కాదు. గోల్ స్తంభాల నుంచి లోపలికి రెండేసి అడుగులు వదిలి, నిలువునా రెండు తాళ్ళు కడతారు. గీత దగ్గరనుంచి పది బంతులు తన్నాలి. తాడుకీ స్తంభానికీ మధ్య ఐదు వెళ్ళాలి. మధ్యలోంచి వెళ్ళేవి లెక్కలోకి రావు.

"మధ్యలోకి తన్నడానికి నేనెందుకు, మా ఆవిడ చాలు" అంటారు పిల్లలతో. నవ్వుతారు వెధవలు.

శుక్రవారం సాయంత్రానికి పదమూడు మంది గట్టెక్కారు. చివర్న మిడత వచ్చింది. నేను కెమెరా పెట్టాను. పది బంతులకి రెండు. పదోది స్తంభానికి తగిలి వెనక్కొచ్చింది. మా ఆయన ఆ పిల్ల తల నిమిరి, "పరుగు పోటీలకి వెళ్ళు తల్లీ, నీ కాళ్ళు అక్కడ బంగారం" అన్నారు. మిడత ఏడవలేదు. "సరే సార్" అంది. ఏడిస్తే బాగుండేది, ఆ "సరే సార్" నా గుండెలో ముల్లులా దిగింది.

స్టూడియోకి వచ్చి కంప్యూటరు ముందు కూర్చున్నాను. ఒక పెద్దాయన పాస్‌పోర్టు ఫోటో నాలుగోసారి తీయించుకుని, అందులో తన చెవులు తనవి కావని వాదిస్తున్నాడు. ఆయనకు కుర్చీ చూపించి, పిల్లల వీడియోలు వరసగా కత్తిరించడం మొదలుపెట్టాను. మిడతది చివరిది. పదో బంతి స్తంభానికి తగిలింది. అక్కడితో అయిపోయినట్టే. కానీ నా కెమెరా నా అలవాటు ప్రకారం నడుస్తూనే ఉంది.

వెనక్కొచ్చిన బంతి దొర్లుకుంటూ మిడత ముందుకొచ్చింది. పిల్ల మనసు అక్కడ లేదు. పరీక్ష అయిపోయింది కాబట్టి పద్ధతీ లేదు. కంచె దగ్గర, ముప్పై అడుగుల దూరంలో బంతుల సంచి నోరు తెరుచుకుని పడి ఉంది. మిడత వచ్చే బంతిని అలా వస్తుండగానే ఎడమకాలితో తన్నింది. బంతి నేలకి జానెడు ఎత్తున గీత గీసినట్టు వెళ్ళి సంచి నోట్లో పడింది. పడిందో లేదో కూడా చూడకుండా పిల్ల తల వంచుకుని వెళ్ళిపోయింది.

నేను వెనక్కి తిప్పాను. మళ్ళీ చూశాను. నాలుగోసారికి పెద్దాయన కూడా తన చెవుల సంగతి మరిచిపోయి, "అబ్బ, ఎంత బాగా కొట్టిందండీ!" అన్నాడు.

మా ఆయనకి ఫోన్ చేశాను.

"జాబితా పంపేశారా?"

"రేపు పంపుతా. ఏం?"

"మిడతది చూడాలి, రండి."

"చూసేదేముంది? కళ్ళముందే కదా..."

"వస్తారా, నన్ను రమ్మంటారా?"

వచ్చారు. చూశారు. మొదటిసారి తల అడ్డంగా ఊపారు.

"గుడ్డిదెబ్బ. ఒక్కోసారి అలా తగులుతుంది."

"గుడ్డిదెబ్బా? బంతి వస్తుండగా తన్నింది, చూడకుండా తన్నింది, సంచిలో వేసింది. మీ పదమూడు మందిలో ఒక్కరిని వేయమనండి చూద్దాం!"

"ఒక్క దెబ్బ చూసి నియమం మార్చేస్తే మిగతా పిల్లలకి ఏం చెప్పను? కందకి లేని దురద కత్తిపీటకెందుకు?"

ఆ మాటతో నా పట్టుదల పెరిగింది. ఆయన పాత వీడియో బయటికి తీశాను. తిప్పినది కాదు, అసలుది, మూడేళ్ళుగా ఎవరూ చూడనిది. దాని పక్కనే మిడత చివరి దెబ్బ పెట్టాను. బంతికి కాలు తగిలే చోట రెండూ కలిసేలా సరిచేసి, వేగం తగ్గించి వదిలాను.

తెర మీద ఇద్దరూ ఒకేసారి వచ్చారు. ఒకరికి నలభై అయిదేళ్ళు, ఒకరికి పదకొండు. బంతి పక్కన ఆనిన కుడికాలు ఒకటే. గాల్లోకి తెరుచుకున్న కుడిచెయ్యి ఒకటే. బంతి మీదే వంగిన తల ఒకటే. తన్నాక కాలు ముందుకు సాగి, ఒళ్ళంతా దాని వెంట వెళ్ళడం ఒకటే.

ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నారు. "కుడిచేత్తో రాస్తుంది కదే..." అన్నారు.

"మీరూ కుడిచేత్తోనే రాస్తారు."

ఆయన మొహం చేతుల్లో పెట్టుకున్నారు. ఎడమ పక్కన ఆడటానికి ఎడమకాలి పిల్లలు దొరకడం లేదని మూడేళ్ళుగా నా చెవిలో జోరీగలా పోరిన మనిషి. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, ఏడు నెలలుగా ఆ పిల్లని ఎదురుగా పెట్టుకుని వెతికారు.

"నా కాలికి గుడ్డ చుట్టినవాణ్ణి నలభై ఏళ్ళుగా తిట్టుకుంటున్నాను" అన్నారు. "నేను గుడ్డ కూడా చుట్టలేదు. వీడియో చూపించానంతే."

ఆ వీడియోని తిప్పిన మీట నొక్కింది నేనే. ఆయనకది గుర్తు చేయలేదు, ఆయనా అనలేదు. మా కాపురంలో అలాంటి మంచి సంగతులు కొన్ని ఉన్నాయి.

శనివారం ఉదయం ఏడింటికే మిడతని స్టూడియోకి పిలిపించాం. వాళ్ళ నాన్న డ్యూటీకి వెళ్తూ దించి వెళ్ళారు. చెప్పులు గుమ్మం దగ్గర విడిచి, ఎందుకు పిలిచారో తెలియక గోడకి అతుక్కుని నిలబడింది. మా ఆయన టీవీలో అసలు వీడియో పెట్టారు. పిల్ల కళ్ళు చిన్నవయ్యాయి. టీవీ దగ్గరికి వెళ్ళి వేలు పెట్టి చూపించింది.

"సార్, మీ వాచీ చెయ్యి మారింది."

మేమిద్దరం మొహమొహాలు చూసుకున్నాం.

"ఎప్పుడూ చూసే వీడియోలో కుడి చేతికి ఉంటుంది సార్. గ్రౌండ్‌లో ఎడమ చేతికి. తన్నేటప్పుడు మార్చుకుంటారేమో అనుకున్నా." తన కుడి చెయ్యి చాపింది. దానికొక చిన్న ప్లాస్టిక్ వాచీ. "అందుకే నేనూ ఇటే పెట్టుకున్నా."

మూడేళ్ళలో యాభై మంది పిల్లలు, పదిమంది కోచ్‌లు, ఇరవై రెండేళ్ళ అనుభవం ఉన్న నేను, ఎవరమూ చూడని వాచీని ఈ పిల్ల చూసింది. నా తప్పుని కూడా పాఠమనుకుని నేర్చుకుంది. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి, లైటు సర్దుతున్నట్టు అటు తిరిగాను.

"ఎడమకాలితో తన్నకూడదని నీకెవరు చెప్పారమ్మా?" అన్నారు మా ఆయన.

"ఎవరూ చెప్పలేదు సార్. సందులో ఆడేటప్పుడు ఎడమకాలితోనే తన్నేదాన్ని. ఇక్కడికొచ్చాక మీరు కుడికాలితో తన్నడం చూశా. నాదే తప్పనుకున్నా."

ఆయన కింద కూర్చున్నారు, మోకాలు నొప్పిపెడుతున్నా కూర్చున్నారు. ఆ పిల్ల కుడి చేతి వాచీ విప్పి ఎడమ చేతికి పెట్టారు.

"తప్పు నీది కాదు, నా పాఠానిది. ఆ టీవీలో ఉన్నదే అసలు నేను. పరీక్ష మళ్ళీ పెడతాను. పది బంతులు. నీ కాలితో."

ఎనిమిదింటికి పదమూడు మందీ గ్రౌండ్‌కి వచ్చారు. మా ఆయన వాళ్ళందరి ముందూ జరిగింది చెప్పారు, తన తప్పని చెప్పారు. కోచ్ తప్పు ఒప్పుకోవడం వాళ్ళెప్పుడూ చూడలేదు, కాబట్టి పరీక్ష మళ్ళీ ఎందుకని ఎవరూ అడగలేదు. తాళ్ళు కట్టారు. నేను కెమెరా పెట్టాను.

మొదటి బంతి మధ్యలోంచి వెళ్ళింది. రెండోది బయటికి. మూడోది కాకుల దగ్గరికి. ఏడు నెలల కుడికాలి చదువు ఎడమకాలిలో అడ్డం పడుతోంది. పిల్ల పరుగెత్తేముందు ఆలోచిస్తోంది, అడుగులు లెక్కపెడుతోంది. ఇంకా ఏడు ఉన్నాయి, ఐదు వెళ్ళాలి. మా ఆయన నోరు తెరవబోయి మూసుకున్నారు. ఆయన చెబితే అది ఇంకో బరువవుతుందని ఆయనకు తెలుసు.

మిడత గీత దగ్గర ఆగి నా వైపు చూసింది. ఏడు నెలల్లో ఆ పిల్ల సార్ వీడియో తప్ప ఇంకోటి అడగలేదు.

"ఆంటీ, నాది చూపిస్తారా? నిన్న సంచిలో పడింది, అది."

ఉదయం సార్ వీడియో అయ్యాక పక్కనే అదీ చూపించాం, పిల్ల సిగ్గుపడి సరిగా చూడలేదు. నేను ఫోన్ పట్టుకుని ఈ వయసులో పరుగెత్తాను. ఎండ పడకుండా చెయ్యి అడ్డం పెట్టాను. పది సెకన్లు. చూసింది. మళ్ళీ అడిగింది. మూడోసారి చూస్తున్నప్పుడు ఆ పిల్ల ఎడమ మడమ నేల మీద దానంతటదే కదలడం చూశాను.

నాలుగోది తాడుకీ స్తంభానికీ మధ్యలోంచి వెళ్ళింది. ఐదోది వెళ్ళింది. ఆరోది వెళ్ళింది. ఏడోది తాడుకి తగిలి ఆగిపోయింది. ఎనిమిదోది వెళ్ళింది. తొమ్మిదోది స్తంభానికి తగిలింది, పదమూడు మందీ ఒక్కసారి నెత్తి పట్టుకున్నారు. పదోదానికి మిడత అడుగులు లెక్కపెట్టలేదు. వచ్చింది, తన్నింది. బంతి జానెడు ఎత్తున తాడుకీ స్తంభానికీ మధ్యలోంచి వెళ్ళి వలని వెనక్కి గుంజి, అక్కడే గిరగిరా తిరిగి ఆగింది.

అప్పుడు ఏడ్చింది పిల్ల. పదమూడు మందీ మీదపడితే వాళ్ళ మధ్యలో ఎక్కడుందో కనబడలేదు, ఏడుపు మాత్రం వినబడింది. మా ఆయన జేబులోంచి జాబితా తీసి, నా వీపు మీద పెట్టి పద్నాలుగో పేరు రాశారు. పెన్ను చొక్కాలోంచి గుచ్చుకుంది. కదలకుండా నిలబడ్డాను.

కప్పు గెలిచారా అని అడక్కండి, సెమీఫైనల్లో ఓడిపోయాం. ఎడమ పక్కనుంచి మిడత కొట్టిన మూడు గోల్స్ సంగతి అడగండి, కుర్చీ వేసి కూర్చోబెట్టి చెబుతాను.

ఇప్పుడు మా స్టూడియోలో రెండు వీడియోలు ఉన్నాయి. కొత్త పిల్లలకి ముందు ఒక బంతి దొర్లించి, ఏ కాలు ముందుకొస్తుందో చూసి, ఆ తర్వాతే టీవీ పెడతాం. కుడికాలివాళ్ళకి సార్ వీడియో, తిప్పినదే. ఎడమకాలివాళ్ళకి, కప్పు పోటీలయ్యాక తీసిన మిడత వీడియో. సార్ అసలు వీడియో పెడదామంటే ఆయనే వద్దన్నారు. "పిల్లలకి పిల్లని చూస్తేనే ధైర్యం. నాకన్నా అది బాగా తంతుంది" అన్నారు. ఆ మాట ఆ నోట వస్తుందని నేననుకోలేదు.

ఆ వీడియో మిడత దెబ్బతో అయిపోతుంది. వల కదులుతుంది, పిల్ల పక్కకి వెళ్ళిపోతుంది. కానీ నేను కత్తిరించలేదు, ఇంకో పది సెకన్లు ఉన్నాయి. వలకి తగిలి తిరిగొస్తున్న బంతి వైపు నలభై ఎనిమిదేళ్ళ మనిషి ఒకడు కుంటుకుంటూ వస్తాడు. డాక్టరు చూస్తున్నాడా అన్నట్టు అటూ ఇటూ చూస్తాడు. ఎడమకాలితో మెల్లగా, చాలా మెల్లగా, బంతిని వలలోకి తోస్తాడు. తర్వాత కెమెరా ఇంకా నడుస్తోందని గుర్తొచ్చి నా వైపు తిరిగి నవ్వుతాడు.